పెట్టెకు పెట్టిన ముహూర్తం

ఎల్లారెడ్డి,
మిరుగం కార్తె, తొలివాన పడ్డ తెల్లారి.

సాయిలతకు నీ పెద్దబాపు పర్శరాములు రాసుడు.

మంచిచెడ్డలు తర్వాత అడుగుత. ముందు రాజంపేట సంగతి తేలాలె.

నా బిడ్డ అనిల లగ్గం ఖాయమైన దినం నీకు యాది ఉన్నదో లేదో, నాకున్నది. రాజంపేటల వియ్యంకుని ఇంటి ముందట పందిరి కింద రెండు దిక్కుల చుట్టాలు కూసున్నరు. అయ్యగారు లగ్గం పత్రిక రాసి, పసుపు పెట్టి, "పిల్ల తండ్రివి, నువ్వే చదివి వినిపించు" అని నా చేతిల పెట్టిండు. నేను గొంతు సవరించుకున్న. అంతల నువ్వు ఆడోళ్ల నడుమ నుంచి లేచి ఉరికివచ్చినవ్. "మా పెద్దబాపుకు చదువు రాదు, నేను చదువుత" అన్నవ్. నా చేతిల కాయిదం గుంజుకొని గడగడ చదివినవ్. చప్పట్లు కొట్టిండ్రు. వియ్యంకుడు నీ చేతిల లడ్డు పెట్టిండు. నా చెయ్యి ఇంకా గట్లనే చాపి ఉన్నది. మీ పెద్దవ్వ మంగవ్వ వచ్చి దాన్ని కిందికి దింపింది.

తర్వాత మీ ఇంటికి వచ్చిన, చాయ తాగిన, నీ తలకాయ మీద చెయ్యి పెట్టి దీవెన పెట్టిన. కాని ఆ దినం నా కడుపుల నుంచి పోలేదు. ఇన్నేండ్లు అడగంది ఇప్పుడెందుకు అంటవేమో. నీ పెట్టె వల్లనే.

పోయినేడు నా బాయి కాడ మోటారుకు నువ్వు పెట్టిన పెట్టె మంచిగనే ఉన్నది. కరెంటు పోయి వస్తే మోటారును అదే తిప్పుతది, నేను పరుగెత్తే పని లేదు. తిప్పే ముందు నా ఫోనుకు కాల్ చేసి నీ గొంతుతో చెప్తదట: "పెద్దబాపూ, మోటారు తిరుగుతది, దూరముండు. వద్దంటే సున్నా నొక్కు." చెప్తదట అని ఎందుకన్న అంటే నేను ఇప్పటిదాక వినలే. వయసంత గిర్నిల పిండి పట్టిన చెవులు నావి. ఫోనుల ఎవరు మాట్లాడినా జల్లెడల జొన్నలు ఆడినట్టే ఉంటది. మంగవ్వ పక్కన ఉంటే ఆమె వింటది. బాయి కాడ ఆమె ఉండది.

నాకు మాట వద్దు. రాత కావాలె. ఫోను మీద తెలుగుల రాసి పంపుమని నీ పెట్టెకు చెప్పు. నేను చదువుకుంట.

ఈ చీటి యాకూబు చేతికిస్తున్న. పొద్దుగాల కూరగాయల ట్రాలీ తోలుకొని కామారెడ్డి వస్తడు, మీ ఆఫీసు కింద ఎరువుల దుకాణంల ఇస్తడు. జవాబు గూడ ఆయన చేతికే ఇయ్యి. ఫోను చెయ్యకు.

పర్శరాములు


కామారెడ్డి,
జూన్ 14.

పెద్దబాపుకు దండాలు.

నీ చీటి ఎరువుల దుకాణం అన్న పైకి తెచ్చి ఇచ్చిండు. ఎవరితో రాయించినవో గాని అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మా ఆఫీసులో అందరికీ చూపించిన. ఈ రోజుల్లో చీటీలు ఎవరు రాస్తున్నారని సిద్దార్థ ముచ్చటపడ్డడు. సిద్దార్థ అంటే నాతో కలిసి పెట్టెలు తయారుచేసే అబ్బాయి, నీ బాయి దగ్గరికి తీగలు పట్టుకొని వచ్చినోడు.

రాజంపేట సంగతి నాకు సరిగ్గా గుర్తులేదు. అప్పుడు నేను చిన్నదాన్ని పెద్దబాపూ. నీకు సాయం చేస్తున్న అనుకొని ఉంటా.

పెట్టె సంగతి చాలా చిన్న పని. ఎట్లా కబురు చెయ్యాలో లోపల ఒక అంకె పెట్టి ఉంటుంది. ఒకటి అంటే మాట, రెండు అంటే రాత. నీ పెట్టెకు ఒకటి తీసి రెండు పెట్టిన. ఆ పెట్టెలో సిమ్ము ఉంది కాబట్టి ఇక్కడి నుంచే పంపిన, నువ్వేమీ ముట్టుకోవద్దు. ఇకనుంచి మోటారు తిరిగే ముందు నీ ఫోను మీద తెలుగులో రాసి వస్తుంది. పొలంలో నీతో ఉండే భీమేష్ పక్కన ఉంటే చదివి చెప్పమను.

పెద్దవ్వను అడిగినట్టు చెప్పు. మొన్న పంపిన మామిడికాయ తొక్కు అప్పుడే సగం అయిపోయింది.

నీ బిడ్డ,
సాయిలత


ఎల్లారెడ్డి,
మిరుగం వెళ్లేముందు.

సాయిలతకు.

రాయించలేదు. రాసిన.

ఎవరూ నీకు చెప్పలేదా, నువ్వు ఎవరినీ అడుగలేదా? రాజంపేట నుంచి వచ్చిన వారంల కృపారాణి టీచరు ఇంటికి పోయిన. ఆమె పొద్దూకినంక సంఘం ఆడోళ్లకు వసారల కూసోబెట్టి అక్షరాలు నేర్పుతుండె. అంతమంది ఆడోళ్ల నడుమ నేనొక్కన్నే మొగోన్ని. వాళ్లల్ల భూమక్క నోట్లె కొంగు పెట్టుకొని నవ్వింది. నవ్వనీ అన్న. కృపారాణి టీచరు మాత్రం నవ్వలే. పలక చేతిల పెట్టి, గిర్ని తిప్పిన చేతికి బలపం బరువా అన్నది. నేను ముందుగాల చదివిన మాట కామారెడ్డి. బస్సు బోర్డు మీద. ఆ దినం బస్సు ఎక్కేది లేకున్నా అది కదిలిందాక నిలబడి చదివిన. ఇప్పుడు పేపరు చదువుత, ఎరువు బస్తా మీది రాత చదువుత. నా ఒత్తులు కొన్ని ఒంకర పోతయి, అది నాకు తెలుసు.

భీమేష్ నా భూమి పాలుకు చేసేటోడు. మంచోడు. కాని నా ఫోను వాడు చదివి నాకు చెప్పుడేంది? వాడే నన్ను అడుగుతడు, "కాకా, ఈ మందు డబ్బా మీద ఏం రాసి ఉంది" అని.

ఇక నీ పెట్టె. రాయలే. నిన్న కరెంటు పోయి వచ్చింది, మళ్ల కాలే చేసింది. మంగవ్వ ఎత్తి, "లతమ్మ మాట్లాడుతున్నది" అని మురిసింది. నువ్వు కాదే, పెట్టె అన్న. ఏదైతేంది, గొంతు దానిదే కద అన్నది. ఆమె సంగతి వేరు. నాకు రాత రాలే. నువ్వు మార్చినవా, మార్చిన అని రాసినవా?

పర్శరాములు


కామారెడ్డి,
జూన్ 23.

పెద్దబాపుకు.

నువ్వే రాసినవని తెలియక అట్లా అన్న. తప్పే. బాపును అడిగితే ఆయనకూ తెలియదన్నడు.

పెట్టె విషయం మాత్రం నేను నిజంగానే మార్చిన. ఇక్కడ ఆఫీసులో నీలాంటి పెట్టె ఒకటి ఉంది. దాని మీద నీకు పంపిందే పెట్టి చూసిన, చక్కగా రాసింది. మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లిలో పోయిన వారం కొన్ని పెట్టెలు పెట్టినం, అక్కడ మరాఠీలో కావాలన్న వాళ్లకు మరాఠీలో, తెలుగు కావాలన్న వాళ్లకు తెలుగులో రాస్తున్నాయి. ఎవరికీ ఇబ్బంది లేదు. నీకు మళ్లీ ఒకసారి పంపిన. పెట్టెలోకి దిగినట్టు ఇక్కడ కనిపిస్తోంది.

కాబట్టి చూడవలసింది నీ ఫోను. మెసేజ్‌లు నిండిపోయి ఉంటే కొత్తవి రావు. లేదా వచ్చినవి నువ్వు తెరవలేదేమో. మెసేజ్‌ల గుర్తు మీద ఒకసారి నొక్కాలి. తెలియకపోతే ఎవరినైనా అడుగు, ఇందులో నామోషీ ఏమీ లేదు. ఇవన్నీ చూసినంక కూడా రాకపోతే చెప్పు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఉత్తరం చిన్నదైందని ఏమీ అనుకోకు.

సాయిలత


ఎల్లారెడ్డి,
పునర్వసు.

సాయిలతకు.

అక్షరాలు ఒంకర ఉన్నయి. పెన్ను మంచిది కాదు.

ఫోను నిండలే. భూమక్క మనుమరాలు పంపిన గుడ్‌మార్నింగ్ పువ్వులు దినాం వస్తున్నయి, నీ రాత ఒక్కటే వస్తలేదు.

సోమారం నాట్లకు నీళ్లు పెడుతుంటే పైపు అతుకు కాడ ఊడింది. అంతల కరెంటు పోయింది. నేను, భీమేష్ బాయి గడ్డ మీద అతుకు బిగిస్తున్నం. జేబుల ఫోను కదిలింది. తీసి చూసిన. నువ్వు రెండుసార్లు రాస్తది రాస్తది అన్నవ్ కద. రాత లేదు, ఏదో కాల్. చెవికి పెడితే జొన్నలు. రాయలేదు గనుక మోటారు తిరగదు అనుకున్న. జేబుల పెట్టుకొని మళ్ల అతుకు పట్టిన. అది తిరిగింది. పైపు పాములెక్క లేచి కొట్టింది. భీమేష్ భుజానికి తగిలింది. ఇంకో జానెడు పక్కకుంటే బాయిల పడేటోడు.

పెట్టె ఊడదీసి గోనెసంచిల చుట్టి వసారల పెట్టిన. వచ్చి తీసుకపో. నాకు పాత తీరే మంచిగున్నది. కరెంటు వస్తే నేనే నడుచుకుంట పోయి చేతితోని వేస్త.

ఇంకొకటి. నీకు దోమకొండ సంబంధం ఖాయమైందట. భూమక్క చెప్పింది. భూమక్కకు తెలిసినంక నాకు తెలిసింది.

పర్శరాములు


కామారెడ్డి,
జూలై 20.

పెద్దబాపుకు నీ సాయిలత దండాలు.

ఆదివారం నేను వచ్చినప్పుడు నువ్వు మంచం మీద గోడ దిక్కు తిరిగి పడుకున్నవ్. నిద్రపోలేదని నాకు తెలుసు. పెద్దవ్వ నాకు చాయ ఇచ్చింది, గోనెసంచి ఇచ్చింది. నువ్వు తువ్వాల కింద దాచుకున్న చెయ్యి కూడా చూపించింది. భీమేష్ భుజానికి ఏమీ కాలేదు. కట్టు నీ కుడిచేతికి ఉంది. పోయిన చీటి ఎడమచేత్తో రాసినవని అప్పుడు అర్థమయింది. పెన్ను మంచిది కాదని రాసినవ్.

బస్సులో లింగంపేట దాకా పెట్టెను ఒళ్లో పెట్టుకొని ఏడ్చిన. పక్క సీటు అవ్వ, ఎవరైనా పోయిండ్రా బిడ్డా అని అడిగింది.

దొరికింది పెద్దబాపూ. తప్పు నీ ఫోనుది కాదు, నీది కాదు. నాది. చెప్తా విను, నీకు అర్థమయ్యేదాకా రాస్తా.

పెట్టె ఏమేం చెయ్యాలో మేము రాసి పెడతాం. అది మనిషి చదవగలిగే రాత. దాన్ని అసలు అనుకో. పెట్టె ప్రతిసారీ ఆ అసలును మొదటి నుంచి చదువుతూ కూర్చుంటే ఆలస్యమవుతుంది. అందుకని ఒకసారి చదివి, తనకు తొందరగా అర్థమయ్యే భాషలో ఒక నకలు చేసుకొని పక్కన పెట్టుకుంటుంది. ఆ తర్వాత లేచినప్పుడల్లా అసలు మీద రెండే చూస్తుంది. దాని తారీఖు, దాని పొడవు. నకలు చేసుకున్న నాటి తారీఖు, పొడవు అవే ఉంటే, అసలు మారలేదని నమ్మి పాత నకలుతోనే పని నడిపిస్తుంది. లోపల ఏం రాసి ఉందో చూడదు.

మామూలుగా ఇది మంచి పద్ధతే. ఎవరైనా అసలును మారిస్తే దాని తారీఖు మారుతుంది, పెట్టె కొత్త నకలు చేసుకుంటుంది. కాని మేము తారీఖులు కట్టేసినం. ఎందుకంటే మా సరుకు, అంటే పెట్టెల్లోకి పంపే ఆ రాత, కామారెడ్డిలో తయారుచేసినా, హైదరాబాద్‌లో ఇంకొకరు తయారుచేసినా, ఈ రోజు చేసినా, వచ్చే ఏడు చేసినా అక్షరం తేడా లేకుండా ఒక్కతీరుగా రావాలి. అట్లా వస్తేనే మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని రుజువు. తయారుచేసిన తారీఖు లోపలికి పోతే రోజుకో తీరుగా వస్తుంది. అందుకని అన్నింటి మీద ఒకే తారీఖు వెయ్యాలని అనుకున్నం.

ఏ తారీఖు వేద్దామని సిద్దార్థ అడిగిండు. ఏదైనా పరవాలేదు. అప్పుడు నేనే చెప్పిన. మొదటి పెట్టె నీ బాయి దగ్గర పెట్టినప్పుడు, ఊరికే పెడితే ఊరుకోనని నువ్వు అయ్యగారి దగ్గరికి పోయి ముహూర్తం అడిగి వచ్చినవ్ కదా. పెట్టెకు బొట్టు పెట్టినవ్, కొబ్బరికాయ కొట్టినవ్. ఆ ముహూర్తమే వెయ్యండి, మా పెద్దబాపు పెట్టింది అన్న. అందరూ నవ్విండ్రు, కాని వేసిండ్రు. పోయినేడు నీ పెట్టెలో దిగిన అసలుతో మొదలుపెట్టి, మేము తయారుచేసే ప్రతిదాని మీదా ఇప్పటికీ ఆ తారీఖే ఉంది.

అంటే నీకు పంపిన కొత్త అసలు మీదా అదే తారీఖు. ఇక పొడవంటావా, ఒకటి తీసి రెండు పెట్టిన. ఒక అంకె పోయింది, ఒక అంకె వచ్చింది. వెంట్రుకంత పెరగలే, తరగలే. నీ పెట్టె రెండూ చూసింది, ఏమీ మారలేదనుకుంది, పోయినేటి నకలుతోనే కాల్ చేసింది. నేను పంపింది నిజంగానే దానిలో దిగింది. దిగి, పక్కన ఊరికే కూర్చుంది. రెండోసారి పంపిందీ అంతే.

ఆఫీసు పెట్టెను మేము ప్రతిసారీ తుడిచి మొదటి నుంచి నింపుతాం. డోంగ్లివి కొత్త పెట్టెలు. ఆ రెండుచోట్లా పాత నకలే లేదు కాబట్టి రాసినాయి. అవి చూసి నా పని సరిగ్గా ఉందనుకున్న. నీకు చదవరాదు కాబట్టి నీకే తెలుస్తలేదనుకున్న.

అసలు మాట అదే. నువ్వు రాసిన చీటి చేతిలో పట్టుకొని కూడా ఎవరితో రాయించినవని అడిగిన. చిన్నప్పుడు చేసుకున్న నకలు పెట్టుకొని ఇప్పటిదాకా నిన్ను చూసిన. రాయలేదు గనుక తిరగదు అనుకున్న అని నువ్వు రాసిన మాట నన్ను నిద్రపోనిస్తలేదు. నా మాట నమ్మి నువ్వు పైపు పట్టుకున్నవ్.

దోమకొండ సంబంధం నిజమే. ఆకాశ్ అని, అక్కడి బడిలో లెక్కల సారు. చీటిలో రాయకుండా వచ్చి చెప్దామనుకున్న. వస్తే రాజంపేట తీస్తవని భయపడి ఆగిన. ఆగేసరికి భూమక్కకు తెలిసింది.

చెయ్యి తడవనియ్యకు. ఈసారి మందు రాసిన కాయిదం నువ్వే చదువుకొని వేసుకో.

సాయిలత


ఎల్లారెడ్డి,
మఖ కార్తె. వాన బందైంది.

బిడ్డ సాయిలతకు.

కట్టు విప్పిండ్రు. ఇది కుడిచేతి రాతనే, చూసుకో.

నీ చీటి రెండుసార్లు చదివిన. మొదటిసారి అర్థం కాలే. రెండోసారి కోపం వచ్చింది, అంటే అర్థమైందన్నట్టు.

మా ఊర్ల ఇంకో పర్శరాములు ఉండె, మిల్లుల హమాలి. నాకు పుట్టిన తారీఖు తెలువది, వానికీ తెలువది. ఆధార్ రాసేటోళ్లు తారీఖు తెలువనోళ్లందరికీ జనవరి ఒకటి వేసిండ్రు. మంగవ్వది అదే, యాకూబుది అదే. సంవత్సరం గూడ ఉజ్జాయింపున మా ఇద్దరికీ ఒక్కటే పడ్డది. వాడు పాపం సచ్చిపోయిండు. తర్వాత నేను ఒక ఆఫీసుకు పోతే, ఏ ఆఫీసో చెప్ప, అక్కడి సారు, "తాతా, నువ్వు సచ్చిపోయినవ్" అన్నడు. బల్ల మీద గుద్దిన. సచ్చినోడు గిట్ల గుద్దుతడా అన్న. ఆయన నా మొకం దిక్కు చూడలే. పేరు అదే, ఊరు అదే, తారీఖు అదే అనుకుంట కంప్యూటర్ దిక్కే చూసిండు. మళ్ల నేను బతికేవరకు ఎండాకాలమంత పోయింది. ఇప్పుడు నీ పెట్టె చేసింది గూడ గంతే. మొకం చూడలే.

నా ముహూర్తం వేసుడు మంచిగనే అనిపించింది. అబద్ధమెందుకు, మంగవ్వకు ఆ ముక్క చదివి వినిపించిన. కాని బిడ్డా, ముహూర్తం దినం లగ్గానికి పెడతరు. ఆ ఇంట్ల పుట్టే ప్రతి పిల్లకు ఆ దినమే పుట్టినవని రాస్తరా?

నకలు పెట్టుకొని నన్ను చూసిన అన్నవ్. ఆ ముక్క తియ్యగున్నది. నాకు తీపి పడది. పాతది చెడ్డదని ఒప్పుకున్నవ్, సరే. కొత్తది చేసుకున్నవా లేదా, అది చేతల తెలుస్తది.

చెయ్యి సంగతి దాచిన అంటవు. నువ్వు సంబంధం దాచలేదా? ఇద్దరి లెక్క సాఫ్.

పెట్టె మళ్ల పెట్టుమంటవా వద్దా, ముందు ఇది చెప్పు. రేపు ఇంకో అంకె మారుస్తవ్. అప్పుడు గూడ ఇట్లనే పాతదాని మీద నడిస్తే? ఈపారి బాయి గడ్డ మీద ఎవరుంటరో ఏమో. నాకు నమ్మకం కావాలె.

ఇంకొకటి. పెట్టె ఊడదీసిన కాన్నుంచి మంగవ్వకు తోస్తలేదు. దినాం రెండుసార్లు నీ గొంతు వినేది. మోటారు తిరుగుతది అని చెప్తే, "సరే బిడ్డా, తిన్నవా" అని ఆ పెట్టెను అడిగేది. నేను నవ్వేటోన్ని. ఇప్పుడు నవ్వొస్తలేదు. రాత నాకు, మాట ఆమెకు, రెండూ పంపరాదా?

నీ పెద్దబాపు


కామారెడ్డి,
సెప్టెంబర్ 6.

పెద్దబాపుకు దండాలు.

నమ్మకం సంగతి ముందు. ఇకనుంచి పెట్టె తారీఖు చూడదు, పొడవు చూడదు. అసలులో ఉన్న ప్రతి అక్షరాన్నీ కలిపి ఒక గుర్తు కడుతుంది. ఒక్క అంకె మారినా ఆ గుర్తు మారుతుంది. నకలు మీద ఉన్న గుర్తు, అసలు గుర్తు కలవకపోతే నకలును పారేసి కొత్తది చేసుకుంటుంది. నీ మాటల్లో చెప్పాలంటే మొకం చూస్తుంది. పైగా కొత్తది ఏది పంపినా పాత నకళ్లన్నీ ముందే తుడిచేస్తది. ఆఫీసులో కూడా పద్ధతి మార్చినం. ఒక్క పెట్టెను తుడవకుండా పాతగానే ఉంచి, దాని మీద కూడా పెట్టి చూసినంకనే బయటికి పంపుతున్నం. అది నువ్వు గోనెసంచిలో చుట్టిన పెట్టే. దాని మీద సిద్దార్థ నీ పేరు రాసిండు.

బయట ఉన్న పాత పెట్టెలన్నింటికీ ఈ మార్పు పంపినం. ఆ రైతులకు మాట వినపడుతుంది కాబట్టి ఎవరూ రాత అడగలేదు గాని, లోపల అన్నీ నీదానిలాగే ఉన్నాయి. నువ్వు ఊడదీయకపోతే మాకు తెలిసేది కాదు.

కొత్త పెట్టె యాకూబన్న ట్రాలీలో వస్తోంది, భీమేష్‌కు బిగించరాదు అనుకుంటే నేనే వస్తా. రాత నీకు, మాట పెద్దవ్వకు. ఆమె ఫోను కోసం మళ్లీ కొత్తగా మాట్లాడి పెట్టిన. చివర్లో, నేను తిన్న పెద్దవ్వా, నువ్వు తిన్నవా అని కూడా అన్న. సిద్దార్థ ఇదేం ఆజ్ఞ అన్నడు. ఉండనీ అన్న.

లగ్గం పత్రిక దసరా వెళ్లినంక వచ్చే ఆదివారం మా ఇంట్లనే రాసుకుంటరు. అనిలక్క రాజంపేట నుంచి ముందురోజే వస్తనన్నది. నువ్వూ, పెద్దవ్వా శనివారమే రావాలి.

ఒకటి దాచకుండా చెప్తున్న, మళ్లీ భూమక్క ద్వారా తెలియవద్దు. ఇంటి పెద్దగా పత్రిక నువ్వే చదవాలి గాని, ఈసారి అయ్యగారే చదివితే మంచిదని బాపు అంటున్నడు. దోమకొండ వాళ్లలో బడిపంతుళ్లు ఎక్కువ, చదివేటప్పుడు నువ్వు తడబడితే బాగుండదని ఆయన భయం. నేను ఇంకా ఏమీ అనలేదు.

సాయిలత


ఎల్లారెడ్డి,
ఉత్తర కార్తె.

బిడ్డ సాయిలతకు.

పెట్టె బిగించినం. భీమేష్ తీగలు పట్టిండు, ఏ రంగుది ఏడ పెట్టాలెనో నువ్వు రాసిన కాయిదం నేను చదివిన. ముహూర్తం చూడలే. ఒక్కదానికి చూస్తే చాలు.

నిన్న నేను పొలంల కలుపు తీస్తున్న, భీమేష్ బాయి గడ్డ మీద ఉన్నడు. కరెంటు వచ్చింది. ఫోను కదిలింది. తీసి చూస్తే రాత. "పెద్దబాపూ, మోటారు తిరుగుతది. దూరముండు. వద్దంటే సున్నా నొక్కు." గట్టిగ చదివిన. భీమేష్ గడ్డ మీద నుంచి దిగిండు. ఇద్దరం దూరం నిలబడ్డం. అది తిరిగింది, నీళ్లు దుంకినయి. ఇంటికి పోయేసరికి మంగవ్వ వాకిట్ల కూసొని ఉన్నది. ఏందే అంటే, "తిన్నదట" అన్నది.

ఇక పత్రిక.

నా తమ్మునికి భయమైతే నాకు చెప్పుమను, నీకెందుకు చెప్తడు? రాజంపేటల ఆ దినం ఏమైతుండెనో ఇప్పుడు చెప్తున్న. నువ్వు గుంజుకోకున్నా నేను చదివేటోన్ని. అక్షరం రాదు, కాని పిల్లాజెల్లా పేర్లు, తిథి, నక్షత్రం అయ్యగారు రాసుకుంట చెప్తుంటే నోటికి పట్టిన. కాయిదం దిక్కు చూసుకుంట ఒప్పజెప్పేటోన్ని. ఎవరికీ తెలువకపోవు. నువ్వు గుంజుకున్నవ్, నేను నేర్చుకున్న. ఇప్పుడు ఒప్పజెప్పే పని లేదు. కాయిదం తల్లకిందులిచ్చినా తిప్పుకొని చదువుత.

దోమకొండోళ్లు ఎంతమంది పంతుళ్లున్నా రానీ. ఒక ఒత్తు కాడ ఆగుత. ఆగితే ఆగిన. లెక్కల సారు గూడ లెక్క కాడ ఆగుతడు. నా కోసం పెద్ద అక్షరాలు రాయించొద్దు. పక్కన నిలబడి ఎవరూ అందియ్యొద్దు, నువ్వు అసలే లేవొద్దు. పెండ్లిపిల్లవు, తలకాయ వంచుకొని కూసో. నేను ముందు నీ పేరు చదువుత, తర్వాత ఆ పిలగాని పేరు.

ఇంకా ఏమీ అనలేదు అని రాసినవ్. అనుడు నీ పని. నాతోని చదివిస్తవా, అయ్యగారితోని చదివిస్తవా, రెండే మాటలు. అయ్యగారే అంటే నేను వస్త, బువ్వ తింట, దీవెన పెట్టి తిరిగి వస్త, కొట్లాడ. కాని నాకు తెలుస్తది, నీ దగ్గర ఉన్నది పాత నకలే అని.

యాకూబు ట్రాలీ బేస్తారం పొద్దుగాల కామారెడ్డి నుంచి మళ్లుతది. ఆ ట్రాలీల నీ జవాబు రావాలె. బాపును అడిగి చెప్త అనొద్దు, చూద్దాం అనొద్దు. బేస్తారం. ఫోను చెయ్యకు, రాయి.

నీ పెద్దబాపు
పర్శరాములు